కంటి స్కాన్‌లో అల్జీమర్స్ ముందే తెలిసిపోతుందా? అమ్మగారి ఓసీటీ రిపోర్టు గురించి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. అమ్మగారికి 72 ఏళ్ళు. ఏడాదిగా చెప్పిందే మళ్ళీ చెబుతున్నారు, తాళాలు ఎక్కడ పెట్టారో గుర్తుండటం లేదు. చూపు మసకగా ఉందంటే కంటి పరీక్షకు తీసుకెళ్ళారు. అక్కడ ఓసీటీ స్కాన్ (కాంతితో కంటి లోపలి పొరల బొమ్మ తీసే పరీక్ష) తీసి, "ఎడమ కంట్లో నరాల పొర పలచబడింది" అన్నారు. ఇంటికొచ్చి వెతికితే "కంటి స్కాన్‌తో అల్జీమర్స్‌ను ఏళ్ళ ముందే పట్టేయొచ్చు" అన్న వార్తలు వరసగా కనిపించాయి. ఇది ఆ జబ్బేనా, ఇంకా పెద్ద స్కాన్ ఏదైనా చేయించాలా అని టెన్షన్ పడుతున్నారు.

ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. ఆ రిపోర్టు ఒక్కదాన్నీ పట్టుకుని అమ్మగారికి అల్జీమర్స్ ఉందని చెప్పలేం, లేదనీ చెప్పలేం. కంటి స్కాన్ మాత్రమే చూసి ఒక మనిషికి డిమెన్షియా (జ్ఞాపకశక్తి, ఆలోచన క్షీణించిపోవడం, అల్జీమర్స్ అందులో ఒక రకం) ఉందో లేదో తేల్చే పద్ధతి ఇంకా ఆస్పత్రుల్లో మామూలు వాడుకలోకి రాలేదు, పరిశోధనలోనే ఉంది. అలాగని ఆ రిపోర్టును పక్కన పడేయకండి. దాని వెనక వేరే జబ్బు ఉండొచ్చు, మందులతో అదుపు చేయగలిగిన జబ్బు. ఇంకోటి, ఆమె చూపు బాగుచేయించడం ఆమె మెదడుకు కూడా మేలు చేసే పనే. ఈ రెండు సంగతులూ ఆ వార్తల్లో నాకు ఎక్కడా కనిపించవు, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

నేను రెటీనా డాక్టర్‌ని, ఇరవై ఏళ్ళకు పైగా ఈ స్కాన్లు చదువుతున్నాను. ఈ ఐదారేళ్ళుగా మీలాంటి ప్రశ్న వారానికి ఒకటైనా వస్తోంది. అడిగేవాళ్ళ ముఖంలో ఉండే భయం నాకు బాగా తెలుసు, అందుకని ఏదీ దాచకుండా చెబుతాను.

అసలు కంట్లో మెదడు సంగతి వెతకాలన్న ఆలోచన పిచ్చిదేం కాదు, చాలా సబబైనది. రెటీనా అంటే కంటి వెనకగోడకు అతుక్కుని ఉండే పలచని పొర కదా, అది నిజానికి మెదడు ముక్కే. తల్లి కడుపులో బిడ్డ మెదడు తయారయ్యేటప్పుడు అందులోంచి రెండు బుడిపెలు ముందుకు పెరిగి కళ్ళలో రెటీనాగా మారతాయి. కంటి నుంచి మెదడుకు వెళ్ళే ఆప్టిక్ నర్వ్‌లో సుమారు 10 నుంచి 12 లక్షల సన్నటి తంతువులు ఉంటాయి. మెదడు చుట్టూ ఉండే పొరలే ఈ నరం చుట్టూ కూడా ఉంటాయి. పుర్రె తెరవకుండా, సూది గుచ్చకుండా, బతికున్న మనిషి నాడీకణాల పొరల్నీ వాటికి రక్తం మోసే నాళాల్నీ నేరుగా చూడగలిగే చోటు ఒంట్లో ఇదొక్కటే. మెదడు కణాలు చచ్చిపోయే జబ్బు వస్తే దాని జాడ ఇక్కడా కనబడాలి కదా అని ఎవరికైనా అనిపిస్తుంది.

1986లో డేవిడ్ హింటన్, ఆల్‌ఫ్రెడో సాడన్ బృందం అల్జీమర్స్‌తో చనిపోయినవాళ్ళ ఆప్టిక్ నర్వ్‌లను మైక్రోస్కోప్ కింద పెట్టి చూశారు. పదిమందిలో ఎనిమిది మందికి ఆ నరంలో తంతువులు క్షీణించి కనిపించాయి. కాకపోతే అది చనిపోయాక చూసింది. బతికున్నవాళ్ళలో అంత సూక్ష్మంగా కొలిచే సాధనం అప్పటికి లేదు. 1991లో ఎంఐటీకి చెందిన డేవిడ్ హువాంగ్, జేమ్స్ ఫుజిమోటో వాళ్ళ బృందం ఓసీటీని ప్రకటించింది. అల్ట్రాసౌండ్ శబ్దంతో చేసే పనిని ఇది కాంతితో చేస్తుంది. కంట్లోకి వెళ్ళిన కాంతి ఏ పొర నుంచి ఎంత వెనక్కి వచ్చిందో లెక్కగట్టి రెటీనాను అడ్డంగా కోసి చూపించినట్టు బొమ్మ గీస్తుంది. ఇప్పటి మిషన్లు సుమారు 5 మైక్రాన్ల వివరం దాకా చూడగలవు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మీ అమ్మగారి రిపోర్టులో ఆర్‌ఎన్‌ఎఫ్‌ఎల్ అని రాసి ఉంటుంది చూడండి, అదే నరాల తంతువుల పొర. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళలో దాని సగటు మందం 90, 100 మైక్రాన్ల దగ్గర ఉంటుంది. తల వెంట్రుక కంటే కాస్త ఎక్కువ, అంతే.

ఇక మీరు చదివిన వార్తల మూలం. వాటిలో చాలావాటి వెనక 2018లో వచ్చిన రెండు పెద్ద అధ్యయనాలు ఉన్నాయి. నెదర్లాండ్స్‌లో రోటర్‌డామ్ స్టడీ వాళ్ళు 3,289 మందికి ఈ స్కాన్ తీసి సగటున నాలుగున్నరేళ్ళు గమనించారు. ఆ కాలంలో 86 మందికి కొత్తగా డిమెన్షియా వచ్చింది, మొదట్లోనే నరాల పొర పలచగా ఉన్నవాళ్ళలో ఎక్కువగా వచ్చింది. బ్రిటన్‌లో యూకే బయోబ్యాంక్ అనే పెద్ద ఆరోగ్య సమాచార భాండాగారం నుంచి 32,038 మంది స్కాన్లు చూసినవాళ్ళకీ అదే దారి కనిపించింది. పొర పలచగా ఉన్నవాళ్ళు జ్ఞాపకశక్తి, ఆలోచన పరీక్షల్లో కాస్త వెనకబడ్డారు. వాళ్ళలో కొందరిని మూడేళ్ళ తర్వాత మళ్ళీ పరీక్షిస్తే, పొర బాగా పలచగా ఉన్నవాళ్ళకి ఆ పరీక్షల్లో వెనకబడే అవకాశం మిగతావాళ్ళకంటే దాదాపు రెట్టింపు ఉంది. మంచి అధ్యయనాలు, బాగా చేశారు, నేను వాటిని తీసిపారేయను.

కానీ అవి చెప్పేది గుంపుల గురించి. ఈ తేడాలో ఉన్న కిటుకు అర్థమైతే మీ భయం సగం తగ్గుతుంది. రెండు ఊళ్ళ మగవాళ్ళ సగటు ఎత్తులో ఒక సెంటీమీటరు తేడా ఉందనుకోండి. వేలమందిని కొలిస్తే ఆ తేడా నిజమేనని రుజువవుతుంది. ఇప్పుడు నేను ఒక మనిషిని మీ ముందు నిలబెట్టి, ఎత్తు కొలిచి ఇతను ఏ ఊరివాడో చెప్పమంటే చెప్పగలరా? రెండు ఊళ్ళలోనూ పొట్టివాళ్ళున్నారు, పొడుగువాళ్ళున్నారు. నరాల పొర సంగతీ ఇదే. ఆ గుంపుల సగటుల మధ్య తేడా కొద్ది మైక్రాన్లే, అదే ఒక మనిషి కంటిని ఒకే రోజు రెండుసార్లు స్కాన్ తీస్తే నాలుగైదు మైక్రాన్లు అటూ ఇటూ రావడం మామూలు. అంటే జబ్బు వల్ల వచ్చే తేడా, కొలతలో వచ్చే తేడా దాదాపు ఒకే సైజులో ఉన్నాయి.

రిపోర్టులో రంగులు చూసి ఉంటారు. ఆకుపచ్చ, పసుపు, ఎరుపు. ఎరుపు చూడగానే గుండె జారిపోతుంది, అది సహజం. ఆ రంగుల అర్థం చాలామందికి ఎవరూ విడమర్చి చెప్పరు. మిషన్ లోపల కొన్ని వందల మంది ఆరోగ్యవంతుల కొలతలు పెట్టి ఉంటాయి. మీ అమ్మగారి వయసువాళ్ళలో నూటికి 5 మంది కంటే తక్కువ మందికి మాత్రమే అంత పలచగా ఉంటే పసుపు, ఒక్క శాతం కంటే తక్కువ మందికి ఉంటే ఎరుపు. అంటే ఏ జబ్బూ లేని వందమందిని కూర్చోబెట్టినా ఏదో ఒకచోట కొందరికి పసుపో ఎరుపో పడి తీరుతుంది. పైగా ఆ వందల మందిలో మీ అమ్మగారి లాంటి కళ్ళున్నవాళ్ళు, అంటే ఆ జాతివాళ్ళు, అంత పవర్ అద్దాలు వాడేవాళ్ళు ఎంతమంది ఉన్నారన్నదీ చూసుకోవాలి. దూరంగా ఉన్నవి మసకగా కనిపించి మైనస్ అద్దాలు పెద్ద పవర్‌వి వాడేవాళ్ళ కన్ను కొంచెం పొడుగ్గా ఉంటుంది. అలాంటి కంట్లో నరాల పొర పలచగానే కొలతకు వస్తుంది, అది జబ్బు కాదు. జబ్బు లేకుండా రిపోర్టు ఎర్రగా రావడం మా దగ్గర ఎంత మామూలంటే దానికి మాలో మేము "రెడ్ డిసీజ్" అని పేరు పెట్టుకున్నాం.

ఒక పెద్దాయన గుర్తొస్తున్నారు. రిటైరైన మాస్టారు, 76 ఏళ్ళు. వేరే చోట తీసిన ఓసీటీలో రెండు కళ్ళూ ఎరుపు. కొడుకు ఆ కాగితం మడతపెట్టి జేబులో పెట్టుకుని వచ్చాడు, నాన్నకి తెలియకుండా నాకు చూపించాలని. నేను రంగులు చూడకముందే కాగితం పైమూల చూశాను. సిగ్నల్ స్ట్రెంత్, అంటే స్కాన్ ఎంత స్పష్టంగా వచ్చిందో చెప్పే అంకె, 10కి 4. ఆ మిషన్‌లో 6 కంటే తక్కువ వస్తే ఆ కొలతను నమ్మకూడదు. ఆయన్ని కూర్చోబెట్టి చూస్తే కళ్ళు ఎండిపోయి ఉన్నాయి, లోపల శుక్లం ముదిరి ఉంది. గడ్డం ఆనించి, నుదురు తగిలించి, పచ్చ గీతనే చూడండి మాస్టారూ అంటే పాపం చూస్తున్నారు గానీ క్షణానికోసారి రెప్ప పడిపోతోంది. కృత్రిమ కన్నీటి చుక్కలు వేసి ఐదు నిమిషాలాగి తీస్తే సిగ్నల్ 6కి వచ్చింది, కొంత ఎరుపు పసుపైంది. శుక్లం ఆపరేషన్ అయిన రెండు నెలలకి తీస్తే 9, ఒక్క చిన్న ముక్క తప్ప అంతా ఆకుపచ్చే. మొదటి స్కాన్‌లో కాంతి లోపలికి సరిగ్గా వెళ్ళలేదు, మిషన్ ఆ మసకనే పలచదనంగా లెక్కేసింది. ఆ కొడుకు మాత్రం మూడు వారాలు నిద్రలేకుండా గడిపాడు.

కాబట్టి మీరు చేయాల్సిన మొదటి పని ఆ రిపోర్టు తీసి సిగ్నల్ అంకె చూడటం.

సిగ్నల్ బాగుండి కూడా నిజంగానే పొర పలచగా ఉంటే? అప్పుడు ఎవరైనా మొదట అడగాల్సిన పేరు అల్జీమర్స్ కాదు, గ్లకోమా. కొందరు నీటికాసులు అంటారు. ఆ వయసులో, అదీ ఒక కంట్లో ఎక్కువగా, నరాల పొర పలచబడటానికి మేము ముందుగా అనుమానించే కారణం ఇదే. నొప్పి ఉండదు, చూపు అంచుల నుంచి తగ్గుకుంటూ వస్తుంది, మనిషికి తెలియనే తెలియదు, తెలిసేసరికి పోయిన చూపు తిరిగి రాదు. కానీ చుక్కల మందుతోనో లేజర్‌తోనో అక్కడితో ఆపొచ్చు. కంటి ప్రెషర్ చూశారా, విజువల్ ఫీల్డ్ పరీక్ష చేశారా, కంటి కోణం చూశారా అని డాక్టర్‌ని అడగండి. ఫీల్డ్ పరీక్ష అంటే ఒక గిన్నెలాంటి దాంట్లోకి చూస్తూ లైటు మెరిసినప్పుడల్లా బటన్ నొక్కమంటారు, అది. మతిమరుపు ఉన్నవాళ్ళకి అది కాస్త కష్టమే, రెండుసార్లు చేయాల్సి రావచ్చు, ఓపిక పట్టండి. అల్జీమర్స్ భయంలో పడి గ్లకోమాను వదిలేసిన కుటుంబాన్ని నేను చూశాను, అది తలుచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

పాత షుగర్ వల్ల, నరానికి రక్తం ఆగిపోయి వచ్చే దెబ్బ వల్ల, మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బు వల్ల కూడా ఈ పొర పలచబడుతుంది. చేతులు వణికే పార్కిన్సన్స్ జబ్బులో కూడా. లండన్‌లోని యూసీఎల్ యూనివర్సిటీ, మూర్‌ఫీల్డ్స్ కంటి ఆస్పత్రి పరిశోధకులు 2023లో పెద్ద ఎత్తున స్కాన్లు వెతికి చూస్తే, పార్కిన్సన్స్ బయటపడటానికి సగటున ఏడేళ్ళ ముందే రెటీనాలో తేడా కనిపించిందన్నారు. ఆసక్తికరమే, కానీ మన ప్రశ్నకు దాని అర్థం ఏమిటంటే, పలచబడటం అల్జీమర్స్ సొంత ముద్ర కాదు. ఎన్నో జబ్బులు వేసే ఒకే గుర్తు అది.

మరి అల్జీమర్స్ సొంత ముద్రనే కంట్లో చూడలేమా? ఆ ప్రయత్నమూ జరుగుతోంది. ఆ జబ్బులో మెదడులో అమిలాయిడ్ అనే ప్రొటీన్ గడ్డలు పేరుకుంటాయి కదా. లాస్ ఏంజెలెస్‌లోని సీడార్స్ సైనాయ్ ఆస్పత్రిలో మాయా కొరొన్యో హమౌయీ బృందం 2011లో అలాంటి గడ్డలు రోగుల రెటీనాలో కూడా ఉన్నాయని చూపించింది. పసుపులో ఉండే కర్కుమిన్ ఆ ప్రొటీన్‌కి అంటుకుని ప్రత్యేకమైన కాంతిలో మెరుస్తుంది. 2017లో వాళ్ళు బతికున్నవాళ్ళకి కర్కుమిన్ ఇచ్చి రెటీనాలో ఆ మెరుపు చుక్కల్ని ఫొటో తీశారు. అయితే వేరే ల్యాబులవాళ్ళు చనిపోయిన రోగుల కళ్ళలో వెతికితే కొందరికి ఆ గడ్డలు కనబడలేదు. రెటీనాలో ఎక్కడ వెతికారు, ఎలా రంగు వేశారు అన్నదాని మీద ఇప్పటికీ వాదన నడుస్తోంది. వాళ్ళు కర్కుమిన్ వాడింది రంగులాగా, మందులాగా కాదు. ఈ వార్త చదివి అమ్మగారికి కర్కుమిన్ మాత్రలు కొనివ్వకండి.

ఓసీటీ యాంజియోగ్రఫీ అని ఇంకొకటి, రక్తనాళాల్ని మందు ఎక్కించకుండా చూపిస్తుంది. రెటీనా నడిమధ్యలో రక్తనాళాలు లేని చిన్న గుండ్రటి చోటు ఉంటుంది. 2018లో సెయింట్ లూయిస్ నుంచి వచ్చిన ఒక చిన్న అధ్యయనంలో, ఇంకా లక్షణాలు రాని కానీ అమిలాయిడ్ ఉన్నవాళ్ళలో ఆ చోటు పెద్దదిగా ఉందన్నారు. అందులో ఉన్నది 30 మంది. తర్వాత వేరేచోట్ల చేసినవి ఒకదానికొకటి పొసగలేదు. దీని గురించి ఇంతకంటే రాయను.

ఏఐ గురించి మాత్రం రాయాలి, మీరు పంపిన వార్తల్లో సగం అవే. 2022లో హాంకాంగ్‌కి చెందిన కరోల్ చెంగ్ బృందం 648 మంది అల్జీమర్స్ రోగులవీ, ఆ జబ్బు లేని 3,240 మందివీ కలిపి దాదాపు 13 వేల కంటి ఫొటోలతో కంప్యూటర్‌కి శిక్షణ ఇచ్చింది. స్కాన్ కూడా కాదు, మామూలు ఫండస్ ఫొటోలు, అంటే కంటి వెనకగోడకు తీసే రంగు ఫొటోలు. నూటికి 83, 84 సార్లు అది సరిగ్గా చెప్పగలిగింది. చూడటానికి గొప్పగా ఉంది, నిజంగా గొప్ప పనే. ఇప్పుడు దీన్ని మన ఇంటి లెక్కలోకి తెద్దాం. వెయ్యిమంది పెద్దవాళ్ళున్నారు, వాళ్ళలో 50 మందికి ఆ జబ్బు ఉందనుకుందాం. మన పరీక్ష జబ్బున్న వందమందిలో 80 మందిని పట్టుకుంటుంది, జబ్బు లేని వందమందిలో 80 మందిని లేదనే చెబుతుంది. ఆ 50 మందిలో 40 మంది దొరుకుతారు, 10 మంది తప్పించుకుంటారు. మిగిలిన 950 మందిలో 190 మందికి ఏ జబ్బూ లేకుండానే "ఉంది" అని వస్తుంది. మొత్తం 230 మందికి భయపెట్టే కాగితం చేతికొస్తే అందులో నిజంగా జబ్బున్నవాళ్ళు 40 మంది. ఆరుగురిలో ఒక్కరు. మిగతా ఐదుగురి ఇళ్ళలో ఆ రాత్రి ఎలా ఉంటుందో మీకు నేను చెప్పనక్కర్లేదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఇలాంటి పరిశోధనల్లో చాలావరకు ఒకవైపు జబ్బు తేలిపోయినవాళ్ళు, ఇంకోవైపు ఏమీ లేనివాళ్ళు. మా దగ్గరికి వచ్చేవాళ్ళు మధ్యలో ఉంటారు, కాస్త మతిమరుపు, కాస్త షుగరు, కాస్త శుక్లం, నిద్ర సరిగ్గా పట్టదు. అక్కడే పరీక్ష కావాలి, అక్కడే అది తడబడుతుంది.

ఇక నేను అసలు చెప్పాలనుకున్న వైపుకి వస్తాను. కంటి పరీక్ష గదిలో డిమెన్షియా నిజంగానే కొన్నిసార్లు బయటపడుతుంది, కానీ స్కాన్‌లో కాదు, మనిషి ప్రవర్తనలో. నాకు ఈ పాఠం ఒకావిడ నేర్పింది. 59 ఏళ్ళు, జీవితమంతా లెక్కలు చూసిన మనిషి. చూపు సరిగ్గా లేదని ఏడాదిన్నరలో మూడు కళ్ళజోళ్ళు మార్చారు, అందులో ఒకటి నేను రాసిందే. చార్టు మీద చివరి వరస అక్షరాలు టకటకా చదివేస్తారు. రెటీనా శుభ్రం, ఓసీటీ శుభ్రం. నాలుగోసారి వచ్చినప్పుడు సంతకం పెట్టమని కాగితం ముందు పెట్టాను. పెన్ను ఆవిడ చేతికి జానెడు దూరంలో ఉంది. చూస్తున్నారు, చెయ్యి పెన్ను పక్కనుంచి పోయింది, మళ్ళీ తడిమారు, మళ్ళీ పక్కకే పోయింది. అప్పుడు ఒక పేరా చదవమంటే ఒక్కో పదం చదువుతున్నారు గానీ వరస చివరికి వెళ్ళి కింది వరసకి రాలేకపోతున్నారు. గడియారం బొమ్మ గీయమంటే అంకెలన్నీ ఒకే పక్కకి పేర్చారు. కన్ను చూస్తోంది, చూసినదాన్ని మెదడు ఒకచోట కూర్చుకోలేకపోతోంది. ఎంఆర్‌ఐలో మెదడు వెనక భాగం కుంచించుకుపోయి ఉంది. దాన్ని పోస్టీరియర్ కార్టికల్ అట్రోఫీ అంటారు, ఫ్రాంక్ బెన్సన్ 1988లో వర్ణించాడు, చాలాసార్లు దాని వెనక ఉండేది అల్జీమర్సే. మొదట్లో జ్ఞాపకశక్తి బాగానే ఉంటుంది కాబట్టి ఇంట్లోవాళ్ళకి అనుమానం రాదు, ఊరికే కళ్ళ డాక్టర్ల చుట్టూ తిరుగుతారు. ఆ ఏడాదిన్నర కాలం ఆవిడకి నేను ముందే మిగల్చగలిగేవాణ్ణేమో అని అనిపిస్తూ ఉంటుంది. అప్పటినుంచి అద్దాలు మార్చినా తృప్తి లేదంటున్న పెద్దవాళ్ళకి అక్షరాల చార్టుతో ఆపను, పేరా చదివిస్తాను, గడియారం గీయిస్తాను.

దీనికి తలకిందుల కథ కూడా ఉంది. రెటీనా దెబ్బతిని చూపు బాగా తగ్గినవాళ్ళకి లేని మనుషులు, పూలు, డిజైన్లు కళ్ళ ముందు కనిపిస్తుంటాయి. దీన్ని చార్లెస్ బోనే సిండ్రోమ్ అంటారు, 1760లో చార్లెస్ బోనే అనే ఆయన తన తాతగారికి ఇలా కనిపించడాన్ని రాసిపెట్టాడు. అవి నిజం కావని వాళ్ళకి తెలుసు, కానీ పిచ్చి అనుకుంటారేమోనని బయటికి చెప్పరు. ఇంట్లోవాళ్ళకి తెలిస్తే బుర్ర పాడైందని నిర్ధారించేసుకుంటారు. అది మెదడు జబ్బు కాదు, చూపు అందని మెదడు తనంతట తాను బొమ్మలు వేసుకోవడం. అయితే కనిపించేవి నిజమేనని నమ్ముతున్నా, ఒక రోజు చురుగ్గా ఇంకో రోజు మొద్దుగా ఉంటున్నా, నిద్రలో కలలకు చేతులూ కాళ్ళూ ఆడిస్తున్నా, నడక నెమ్మదించినా న్యూరాలజిస్ట్‌కి చూపించాలి, లూయీ బాడీ డిమెన్షియా అలా ఉంటుంది. అమ్మగారిని ఇవి మెల్లగా, ఒంటరిగా ఉన్నప్పుడు అడగండి.

చూపు బాగుచేయించడం మెదడుకూ మేలే అన్నాను కదా. అమెరికాలో సియాటిల్ ప్రాంతంలో 65 దాటిన, శుక్లమో గ్లకోమానో ఉన్న 3,038 మందిని ఏళ్ళ తరబడి గమనించిన అధ్యయనం 2021 చివర్లో వచ్చింది. శుక్లం ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళకి డిమెన్షియా వచ్చే అవకాశం చేయించుకోనివాళ్ళకంటే దాదాపు 30 శాతం తక్కువగా తేలింది. ఆపరేషనే కారణం అని ఒట్టేసి చెప్పలేం, కాస్త ఆరోగ్యంగా ఉన్నవాళ్ళే ఆపరేషన్‌కి ముందుకొస్తారు కదా అనొచ్చు. కానీ గ్లకోమా ఆపరేషన్ అయినవాళ్ళలో ఆ తేడా లేదు. గ్లకోమా ఆపరేషన్ పోయిన చూపును తిరిగి ఇవ్వదు, శుక్లం ఆపరేషన్ ఇస్తుంది. నాకు ఈ చిన్న వివరమే ఎక్కువ నమ్మకం కలిగించింది. 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన నిపుణుల కమిషన్ డిమెన్షియాకు దారితీసే, మనం మార్చుకోగలిగిన 14 కారణాల్లో పట్టించుకోకుండా వదిలేసిన చూపు లోపాన్ని కొత్తగా చేర్చింది. చెవుడు అప్పటికే అందులో ఉంది. మీరు చెప్పినదాంట్లో అమ్మగారు టీవీ చూడటం మానేశారని, ఎవరైనా వస్తే లోపలికి వెళ్ళిపోతున్నారని ఉంది. అది మతిమరుపు వల్లా, లేక ముఖాలు ఆనకపోవడం వల్లా, మాటలు వినబడకపోవడం వల్లా అన్నది ముందు తేల్చాలి.

జ్ఞాపకశక్తి పరీక్ష సంగతి కూడా ఇంతే. ఎంఎంఎస్‌ఈ, మోకా అని 30 మార్కుల పరీక్షలుంటాయి. వాటిలో బొమ్మ చూసి గీయాలి, రాసింది చదవాలి. దగ్గరి చూపు అద్దాలు ఇంట్లో మరిచిపోయి వెళ్ళిన మనిషికి అక్కడే మార్కులు పోతాయి, అవి మెదడు ఖాతాలో పడతాయి. అందుకని అద్దాలు పెట్టించి, వినికిడి మిషన్ ఉంటే పెట్టించి కూర్చోబెట్టండి. చూపు బాగా తక్కువైతే మోకాలో చూడనక్కర్లేని రకం ఉంది, అది అడగండి.

ఆ పరీక్షతో పాటు బి12, థైరాయిడ్ తప్పకుండా చూపించండి. నిద్ర, దిగులు గురించి అడిగి తెలుసుకోమనండి, దిగులు మతిమరుపులా కనబడటం చాలా మామూలు. ఆవిడ వాడే మందులన్నీ ఒక సంచిలో వేసి తీసుకెళ్ళండి. నిద్రమాత్రలు, మూత్రం ఆపుకోలేకపోతే ఇచ్చే కొన్ని మందులు, పాతరకం అలర్జీ మాత్రలు పెద్దవాళ్ళ బుర్రను మసకబారుస్తాయి. ఈమధ్య తలకు దెబ్బ తగిలిందేమో గుర్తుచేసుకోండి, చిన్నదైనా సరే. ఇవన్నీ అయ్యాక అల్జీమర్స్ అనుమానం మిగిలితే దానికి దారులున్నాయి. పీటౌ 217 అనే ప్రొటీన్‌ను అమిలాయిడ్‌తో పోల్చి చూసే ఒక రక్త పరీక్షకు 2025 మేలో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది, అదీ 55 దాటి లక్షణాలున్నవాళ్ళకి, నిపుణుల చేతిలో. దాన్ని కూడా మీరే వెళ్ళి చేయించకండి, న్యూరాలజిస్ట్ అవసరమంటేనే.

పెద్ద కంటి స్కాన్ ఏదైనా చేయించాలా అన్నారు. మతిమరుపు కోసమైతే వద్దు, ఇప్పుడున్న ఓసీటీ చాలు. దాన్ని మాత్రం దాచిపెట్టండి. పేపర్ ప్రింటే కాదు, ఫైలు ఇస్తే అదీ తీసుకోండి. ఆరు నెలలకో ఏడాదికో అదే రకం మిషన్ మీద, శుక్లం ఉంటే దాని సంగతి తేలాక, మళ్ళీ తీయించండి. మిషన్ మారితే అంకెలు పోల్చకూడదు, ఒక్కోదాని కొలత ఒక్కో రకం. ఒక్క స్కాన్ కంటే రెండు స్కాన్ల మధ్య వచ్చిన మార్పు మాకు ఎక్కువ చెబుతుంది, ముఖ్యంగా గ్లకోమా విషయంలో.

రాబోయే రోజుల్లో కంటి ఫొటో, రక్త పరీక్ష, జ్ఞాపకశక్తి పరీక్ష మూడూ కలిపి ఎవరిని ముందుగా న్యూరాలజిస్ట్ దగ్గరికి పంపాలో చెప్పే పద్ధతి వస్తుందనే నా నమ్మకం. కంటి ఫొటో తీయడం తేలిక, నొప్పి లేదు, రేడియేషన్ లేదు, అందుకే ఈ పరిశోధన ఆగకూడదని మనస్ఫూర్తిగా కోరుకుంటాను. కానీ ఈ వారం మీ అమ్మగారికి కావాల్సింది వేరే.

రిపోర్టులో సిగ్నల్ స్ట్రెంత్ ఎంత ఉందో, రెండు కళ్ళ ఆర్‌ఎన్‌ఎఫ్‌ఎల్ సగటు ఎంతో, కంటి ప్రెషర్ ఎంత వచ్చిందో, ఆవిడ అద్దాల పవర్ ఎంతో, శుక్లం ఉందన్నారో లేదో రాయండి. ఎరుపు పైన పడిందా, కింద పడిందా, పక్కన పడిందా అన్నది కూడా. అవి చూసి గ్లకోమా వైపు ఎంత తొందరపడాలో చెబుతాను.